ముగ్గే సాక్ష్యం

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. అసిరితల్లి విషయంలో పాపం దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు. మధ్యలో ముగ్గు అడ్డం పడింది.

ఆ ఊరి జూటుమిల్లు వెనకాల, పట్టణ గృహ సంస్థవారు పేదల కోసం కట్టించిన అద్దె ఇళ్ళ కాలనీ ఒకటుంది. వరసలు వరసలుగా ఒంటిగది ఇళ్ళు. ముందు ఒక తలుపు, వెనక వంటింట్లో ఒక కిటికీ. ఆ కిటికీకి ఇనపఊచలు ఉండాలని ప్లానులో ఉంది, బిల్లులోనూ ఉంది, కిటికీకి మాత్రం లేవు. కంట్రాక్టరు చేసిన ఈ ఉపకారం విలువ జనానికి చాలా ఏళ్ళకు గాని తెలిసిరాలేదు.

మూడో వరసలో అసిరితల్లి, ఆమె మొగుడు గౌరునాయుడు కాపురముండేవాళ్ళు. ఆమె రైతుబజారులో ఆకుకూరలు అమ్మేది. అతను మిల్లులో పనిచేసినన్నాళ్ళూ జనపనార దుమ్ము పీల్చి, ఊపిరితిత్తులు మిల్లుకిచ్చేసి, దగ్గు ఇంటికి తెచ్చుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లోకి వచ్చారు. కొత్త ఆఫీసరు వచ్చినప్పుడల్లా ఖాళీ చెయ్యమంటాడేమోనని ఇద్దరికీ నిద్ర పట్టేది కాదు. సంస్థవారి గోడ, ఎప్పుడు పొమ్మంటారో ఏమో అని గౌరునాయుడు గోడకు ఒక్క మేకు కూడా కొట్టలేదు. చొక్కా తలుపు గడియకే తగిలించేవాడు.

అలాంటిది, ప్రభుత్వం ఒక మంచి చట్టం చేసింది. అద్దె ఇంట్లో నిజంగా నివసించే పేదవాణ్ణి బతికున్నంతకాలం ఎవరూ కదిలించకూడదు. అతను పోతే అతని భార్యనూ కదిలించకూడదు. ఆ కబురు విన్నరోజు గౌరునాయుడు బజారుకెళ్ళి ఒక మేకు కొనుక్కొచ్చాడు. దగ్గుతూనే దాన్ని గోడకు దిగ్గొట్టి, చొక్కా తగిలించి, దూరంగా వెళ్ళి నిలబడి చూసుకున్నాడు.

"ఇంక మనల్ని ఎవులూ కదపనేరే తల్లీ," అన్నాడు.

చట్టంలో 'నిజంగా' అన్న మాట ఒకటి ఉండిపోయింది. ఆఫీసులో మాట ఒకటి మిగిలిపోతే దానికో అధికారి పుట్టుకొస్తాడు. కాలనీలో సగం ఇళ్ళకు తాళాలున్న మాట అందరికీ తెలిసిందే. ఇల్లు పుచ్చుకున్నవాళ్ళు ఎక్కడెక్కడో మేడల్లో ఉండేవారు. నిజంగా ఉండేవాళ్ళెవరో తేల్చమని సంస్థ డైరెక్టరు శశాంకరావుగారికి ఉత్తర్వులొచ్చాయి. ఆయన రేషన్ కార్డులు తెప్పించారు, కరెంటు బిల్లులు తెప్పించారు. లేనివాళ్ళ కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లలో తళతళలాడుతూ వచ్చాయి. ఉన్నవాళ్ళవి వానకు తడిసి, ఎలుకలు కొట్టి, సగం సగం వచ్చాయి. కాగితాలను నమ్మితే ఉన్నవాళ్ళను పంపేసి లేనివాళ్ళను ఉంచాలి. అంత పని చెయ్యడానికి శశాంకరావుగారికి అప్పటికింకా మనసొప్పలేదు.

దిగులుగా ఇంటికెళ్తే వాళ్ళమ్మగారు అంది కదా, "కాపురమున్న ఇంటి ముందు ముగ్గుంటుందిరా. ముగ్గు లేనిది పాడుకొంప." ఆవిడ అన్నమాటలో తప్పేమీ లేదు. ఏ ముసలమ్మయినా అంటుంది. ముసలమ్మలు ఆ మాట అనేసి మళ్ళీ పప్పు రుబ్బుకుంటారు, డైరెక్టర్లు దాన్ని సర్క్యులరు చేస్తారు. తేడా అంతే.

కాలనీలో షామియానా వేసి సభ పెట్టారు. శశాంకరావుగారు మైకు సవరించుకున్నారు.

"కాగితం అబద్ధమాడవచ్చును. ముగ్గు ఆడదు! మన సంస్కృతిని పరిపాలనతో అనుసంధానించుటలో ఈ సంస్థ దేశంలోనే ముందంజలో ఉన్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. ఇకపై వాకిట తాజా ముగ్గు ఉండుట నివాసమునకు సాక్ష్యముగా పరిగణించబడును. ముగ్గు లేనిచో నివాసము లేనట్లే."

జనం చప్పట్లు కొట్టారు. అసిరితల్లి అందరికంటే గట్టిగా కొట్టింది. కాపురానికొచ్చిన మర్నాటినుంచి ఆమె వాకిట ముగ్గు తప్పిన రోజు లేదు. పెద్ద ముగ్గులు రావు ఆమెకు. నాలుగు చుక్కలు పెట్టి, చుట్టూ ఒక మెలిక తిప్పేది. గడప పక్క జానెడు చోటు చాలు దానికి.

మర్నాటినుంచే నివాస నిర్ధారణాధికారి దివాకరం ముగ్గులు తనిఖీ చెయ్యడానికి బయల్దేరాడు. చెడ్డవాడు కాదు. గట్టిగా మాట్లాడడు, ఎవరింట్లోనూ మంచినీళ్ళయినా తాగడు, సర్క్యులరు దాటి అడుగెయ్యడు. తొలిరోజే అసిరితల్లి పక్కింట్లో మిషను కుట్టుకునే జైతూన్‌బీ తలుపు మీద ఎర్రసుద్దతో సున్నా చుట్టాడు. సున్నా అంటే ఖాళీ.

జైతూన్‌బీ మెడలో టేపుతో బయటికి వచ్చింది. "ఏటి సారూ, ఇంట్లో ఎవులూ నేరని రాసినారా?"

"అవునమ్మా."

"మరి మీతో మాటాడతన్నది ఎవులు?"

"మీరే."

"ఎక్కడినుంచి మాటాడతన్నాను?"

"ఇంట్లోంచే." దివాకరం ఓపిగ్గా చెప్పాడు. "మీరు ఉన్నారమ్మా. నివాసం లేదు. ఆ రెండూ వేరు."

"మేం ముస్లిములం సారూ. మాకు ముగ్గులేటి?"

"సర్క్యులరుకు మతభేదం లేదమ్మా," అన్నాడు దివాకరం. ఆ మాట అంటున్నప్పుడు అతని గుండె కొంచెం పొంగింది కూడా.

మర్నాటి పొద్దున్న అసిరితల్లి తన వాకిలి అయ్యాక ఆమె వాకిట కూడా నాలుగు చుక్కలు పెట్టి మెలిక తిప్పింది. దివాకరం వచ్చి చూసి సున్నా తుడిచేశాడు. జైతూన్‌బీ టీ పెట్టి ఇచ్చింది. ఆ తర్వాత నుంచి అదే వాడుక. ముగ్గేసినందుకు కృతజ్ఞత చెప్పబోతే, "ఊరుకో అప్పా, నీ ఇల్లు పోతే నాకు టీ ఎవులిస్తారు?" అంది అసిరితల్లి.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కాని దివాకరం ఏ వేళకు వస్తాడో తెలియదు. పొద్దున్నే వేసిన ముగ్గు జనం తొక్కుళ్ళకు మధ్యాహ్నానికి చెదిరిపోయేది. 'చెదిరిన ముగ్గు చెదిరిన నివాసమునకు సూచిక' అని ఇంకో సర్క్యులరు వచ్చింది. దాంతో కాలనీ అంతా ముందు గుమ్మాలు వాడటం మానేసి, వంటింటి కిటికీల్లోంచి రాకపోకలు మొదలుపెట్టింది. కంట్రాక్టరు వెయ్యని ఊచలను జనం చేతులెత్తి తలుచుకున్నది అప్పుడే. బడికెళ్ళే పిల్లలు కిటికీలోంచి దూకేవారు. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కిటికీలోంచి ఎక్కేవారు. లావుగా ఉన్న చుట్టాలు రావడమే మానేశారు. అందుకు కొందరు సంస్థను దీవించారు కూడా.

తాళాలేసిన ఇళ్ళవాళ్ళు మాత్రం తెలివైనవాళ్ళు. బోర్డులు రాసే మరిడయ్యను పిలిపించి, వాకిళ్ళలో ఎనామిల్ పెయింటుతో ముగ్గులు వేయించారు. నెమళ్ళు, తామరలు, రథాలు. అన్నింట్లోకీ మొదటి వరసలో ధనుంజయరావుగారి ముగ్గు గొప్పది. ఆయనకు పక్క ఊళ్ళో మూడంతస్తుల మేడ, రైసుమిల్లు ఉన్నాయి. ఈ కాలనీ ఇంటి తాళం తుప్పుపట్టి రంగు మారింది. ముగ్గు మాత్రం వానొచ్చినా, గేదె తొక్కినా అలాగే మెరుస్తూ ఉండేది.

శశాంకరావుగారు దాన్ని స్వయంగా చూసి ముగ్ధులయ్యారు. "ఏ వేళ వచ్చి చూసినా ముగ్గు చెక్కుచెదరలేదు. దీన్నే కదా స్థిరనివాసమంటారు!" అని మరో షామియానా వేయించి, ధనుంజయరావును ఆదర్శ నివాసిగా ప్రకటించారు. ఆయన రాలేకపోయారు. శాలువాను తాళానికి కప్పారు.

వానాకాలం వచ్చింది. గౌరునాయుడి దగ్గు ముదిరింది. ఒకరోజు పొద్దున ఊపిరాడక కళ్ళు తేలేస్తుంటే, జైతూన్‌బీ పరుగున పోయి ఆటో తెచ్చింది. ఇద్దరాడవాళ్ళూ చెరో రెక్కా పట్టుకుని అతన్ని ముందు గుమ్మం వైపు నడిపించారు. అతను తలుపు చెక్క పట్టుకుని ఆగిపోయాడు.

"ముగ్గు... తొక్కీకండి," అన్నాడు. "ఆ సారింకా రానేదు."

"ముగ్గు గంగలో కలవనీ!" అంది అసిరితల్లి.

అతను పట్టు వదల్లేదు. ఇల్లు పోగొట్టుకుని బతికేం లాభమని అతని లెక్క. చివరికి వంటింటి కిటికీలోంచే దింపారు. మిల్లు మనిషి కదా, గోనెబస్తా దించినట్టు దిగాడు. ఆసుపత్రికి చేరాక సాయంత్రం దాకా ఉన్నాడు. తర్వాత లేడు.

శవాన్ని కాలనీకి తెచ్చాక ఎవరో అలవాటుగా కిటికీ వైపు తిప్పబోయారు. అసిరితల్లి అడ్డం నిలబడింది. "దొంగలాగ ఎల్లినాడు. దొరలాగ వత్తాడు. గుమ్మంలోంచే తెండి," అంది. ముగ్గు మీదుగానే తెచ్చారు. అంతమంది కాళ్ళకింద ఆ నాలుగు చుక్కలూ కలిసిపోయాయి. ఆమె అప్పుడు ఏడ్చింది.

చావు జరిగిన ఇంట పెద్దకర్మ అయ్యేదాకా ముగ్గు వెయ్యరు. ఇది అసిరితల్లికి తెలుసు, కాలనీకి తెలుసు, దివాకరానికీ తెలుసు. తెలుసు కాబట్టే, మర్నాడు వాకిట్లో నిలబడి అతను చాలాసేపు బాధపడ్డాడు. ఇంటినిండా చుట్టాలు. లోపలినుంచి ఏడుపులు. వాకిట్లో ముగ్గు లేదు.

"మా నాన్నగారు పోయినప్పుడు మా ఇంట్లోనూ వెయ్యలేదమ్మా," అన్నాడు సుద్దముక్క తీస్తూ. "ఆచారం నాకు తెలియదా? కాని సర్క్యులరులో మైల అనే మాట లేదు. నేనేం చెయ్యను?"

"ఇంటినిండా మనుషులున్నారు గదా బావూ."

"వాళ్ళు బంధువులమ్మా. నివాసులు కారు."

తలుపు మీద ఎర్రసున్నా పడింది. ఆ రాత్రి జైతూన్‌బీ గుసగుసగా అంది, "నువ్వెయ్యొద్దప్పా. నీ సేత్తో నాకు అన్ని దినాలు ఏసినావు. ఒక్కసారి నీకు నానేత్తాను. మాకు మైల్లేదు గదా."

అసిరితల్లి ఆ మాటకు ఊగిసలాడిన మాట నిజం. ఇల్లంటే ఆమెకు ఆ ఒక్క గదే. బయట ఆ అద్దెకు పశువుల పాకయినా దొరకదు. గోడకున్న మేకు వైపు చూసింది. చొక్కా దానికే ఉంది. "వద్దప్పా," అంది. "ముగ్గేత్తే ఆడు సచ్చిపోనేదన్నట్టు. ఎయ్యకపోతే నాను బతికి నేనట్టు. ఆడు సచ్చిన మాట నిజిం గదా. అబద్దం నానేటికి ఆడాల?"

చుట్టాలు పెద్దకర్మకు మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. అసిరితల్లి ఆఫీసుకెళ్ళింది. శశాంకరావుగారు ఆమెను కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడారు.

"మీ భర్త మృతి పట్ల సంస్థ తన ప్రగాఢ సానుభూతిని రికార్డు చేస్తున్నది. చట్టప్రకారం భర్త తదనంతరం ఇల్లు మీకే సంక్రమిస్తుంది, అందులో రెండోమాట లేదు. అయితే, మీరు అక్కడ నివసిస్తూ ఉండాలి."

"అక్కడే ఉన్నాను బావూ. పుట్టెడు దుక్కంలో ఉన్నాను."

"దుఃఖం ముగ్గును భర్తీ చెయ్యజాలదు." ఆ వాక్యం తనకే నచ్చి, ఆయన గుమాస్తాతో రాసి పెట్టుకోమన్నారు. "మానవతా దృక్పథంతో ఒక వెసులుబాటు కల్పిస్తున్నాను. మీరు నివసిస్తున్నారని కాలనీలోని ఆదర్శ నివాసి ఎవరైనా ధ్రువీకరిస్తే చాలు."

ఆదర్శ నివాసి ఆ కాలనీకి ఒక్కడే. అసిరితల్లి, ఆమెకు సాయంగా దివాకరం, మొదటి వరసకు వెళ్ళారు. దివాకరం చెప్పులు విడిచి, ఎనామిల్ ముగ్గు పక్కనుంచి జాగ్రత్తగా ఒరుసుకుంటూ వెళ్ళి, తలుపు తట్టాడు.

"ధనుంజయరావుగారూ!"

తాళం ఊగింది. శాలువా కొంచెం జారింది. దివాకరం దాన్ని సర్ది మళ్ళీ తట్టాడు.

"పడుకున్నారేమో," అన్నాడు.

"తాళం బైటుంది గదా బావూ."

"ముగ్గుందమ్మా," అన్నాడు దివాకరం. "ముగ్గుందంటే ఆయన ఉన్నట్టే. మీకు పలకడం ఇష్టం లేదేమో." ఎండ నడినెత్తికి వచ్చేదాకా తట్టాడు. పాపం, చేతి కణుపులు కందిపోయాయి.

ధ్రువీకరణ రాలేదు. సంస్థలో ఏ కాగితమూ ఎన్నడూ కదలనంత తొందరగా అసిరితల్లి కాగితం కదిలింది. ఖాళీ ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి దివాకరం ప్యూను చేత లక్క, కొవ్వొత్తి, కొత్త తాళం పట్టించుకుని వచ్చాడు. వెనకాలే జైతూన్‌బీ, కాలనీ జనం చేరారు. అసిరితల్లి గుమ్మంలో నిలబడింది.

"నన్ను ఈడ్చుకెళ్ళండి బావూ. నానై నాను కదల్ను," అంది.

దివాకరం నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, మిమ్మల్ని ఈడ్చడమేమిటమ్మా? ఉన్నవాళ్ళను ఖాళీ చేయించాలంటే నోటీసు ఇవ్వాలి, గడువు ఇవ్వాలి, పోలీసుల్ని అడగాలి. చట్టం మీకు అంత భద్రత ఇచ్చింది. కాని ఇది ఖాళీ ఇల్లు కదా. ఇందులో ఎవరూ లేరు. ఊరికే తాళం వేసుకోవడమే." ఆనవాయితీ ప్రకారం లోపలికి తలపెట్టి, "ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడిగాడు.

"నానున్నాను!" అంది అసిరితల్లి అతని ముఖం మీదే.

"ఎవరూ లేరు," అని దివాకరం ప్యూనుకు చెప్పి రాయించాడు. ఆ తర్వాత మెల్లగా, "తల కొంచెం లోపలికి పెట్టుకోండమ్మా, తలుపు తగుల్తుంది," అన్నాడు.

తలుపు మూసుకుంది. తాళం పడింది. లక్క కరిగించి సీలు వేశారు. జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. కాసేపటికి జైతూన్‌బీ వెనకవైపు వెళ్ళి, వంటింటి కిటికీలోంచి టీ అందించింది. అసిరితల్లి తాగి, గ్లాసు కడిగి, అదే కిటికీలోంచి దిగి నీళ్ళు పట్టుకోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. కాలనీ అంతా అలాగే తిరుగుతోంది కాబట్టి ఆమె ప్రత్యేకంగా ఎవరి కంటా పడలేదు.

ఆ ఇంటిని ఎవరికివ్వాలన్న చర్చ సంస్థలో ఎంతోసేపు సాగలేదు. "ఒక ఇంట్లో అంత స్థిరంగా నివసించినవారు రెండో ఇంట్లోనూ నివసించగలరు," అని శశాంకరావుగారు సెలవిచ్చి, దాన్ని ధనుంజయరావుకే కేటాయించారు. పెద్దకర్మ ఇంకా రెండు రోజులుందనగా మరిడయ్య పెయింటు డబ్బాలతో వచ్చాడు. సీలు వేసిన తలుపు ముందు, వాకిలి నిండా, ఎర్రరథం, పచ్చతామరలు వేసి పోయాడు.

అసిరితల్లి కుళాయినుంచి వచ్చి చూసింది. ఇల్లు పోయినా సరే గాని మైలలో ముగ్గు వెయ్యనన్న ఇంటి ముందు రథం మెరుస్తోంది. బిందె దింపి గుడ్డతో తుడిచింది. రాలేదు. కొబ్బరిపీచుతో, ఇటుకముక్కతో, గోళ్ళతో రుద్దింది. గోళ్ళు విరిగాయి గాని ముగ్గు చెక్కుచెదరలేదు. అప్పుడు కిటికీ ఎక్కి లోపలికెళ్ళి, మొగుడు మిల్లునుంచి తెచ్చిన గోతాలు రెండు తీసుకొచ్చి, విప్పదీసి ముగ్గు మీద పరిచి, అంచులకు రాళ్ళు పెట్టింది. గౌరునాయుడు చచ్చిపోయిన మాట మళ్ళీ నిజమైంది.

దివాకరం తనిఖీకి వచ్చి గోతం అంచు ఎత్తి చూశాడు. కింద ముగ్గు క్షేమంగా ఉంది. మళ్ళీ కప్పి, రాయి ఎక్కడిదక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ అయింది. మొగుడి ఫొటో కట్టించి, గోడనున్న చొక్కా తీసి ఆ ఒక్క మేకుకే తగిలించింది. మర్నాడు తెల్లారుతూనే కిటికీ దిగి ముందుకొచ్చి, గోతాలు తీసి మడతపెట్టింది. వాకిలంతా రథం ఆక్రమించుకుని ఉంది. గడప పక్క జానెడు చోటు మిగిలింది. నీళ్ళు చల్లి, అక్కడ నాలుగు చుక్కలు పెట్టి, మెలిక తిప్పింది. ఎందుకని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోయేది. తెల్లారితే ఆ చెయ్యి ఊరుకోదు.

ఆనాడు దివాకరం ఆ గుమ్మం ముందు కదలకుండా నిలబడిపోయాడు. ముగ్గు లేని ఇళ్ళు చూశాడు, చెదిరిన ముగ్గులు చూశాడు. ఒక ఇంటికి రెండు ముగ్గులు అతని ఉద్యోగంలో ఎప్పుడూ తగల్లేదు. పెయింటు ముగ్గు ధనుంజయరావుగారిది. మరి ఈ పిండి ముగ్గు ఎవరిది? పరుగు పరుగున ఆఫీసుకు పోయాడు. సాయంత్రానికల్లా తలుపు మీద, సీలు పక్కనే, ఒక నోటీసు అంటించారు.

అసిరితల్లికి చదువు రాదు. జైతూన్‌బీని పిలుచుకొచ్చింది. జైతూన్‌బీ కూడబలుక్కుని చదివింది:

"ఈ గృహము యొక్క ఆదర్శ నివాసి శ్రీ ధనుంజయరావుగారి అనుమతి లేకుండా, గుర్తు తెలియని ఒక స్త్రీ ఇందులో ప్రతిదినము నివసించుచున్నట్లు సంస్థ వద్ద తిరుగులేని సాక్ష్యము కలదు. ఆమె వెంటనే ఖాళీ చేయవలెను."

"ఏటంటారు?" అంది అసిరితల్లి.

జైతూన్‌బీ చివరి వరస మీద వేలు పెట్టింది. "ఎల్లిపొమ్మంటన్నారప్పా."

"అది సరే. దాని ముందర ఏటి రాసినారు?"

"నువ్వు ఇక్కడ ఉన్నావని రాసినారు. దినాం ఉన్నావని. సాచ్చెం కూడా ఉందంట."

"ఆ ముక్క మళ్ళీ సదువు."

జైతూన్‌బీ మళ్ళీ చదివింది. మూడోసారి కూడా చదివించుకుంది అసిరితల్లి. తర్వాత నోటీసు అంచులకు తడిచెయ్యి రాసి, చిరక్కుండా ఒలుచుకుని, వెనక్కి వెళ్ళి కిటికీ ఎక్కింది. లోపల ఫొటో కాస్త పక్కకు జరిపి, ఆ కాగితాన్ని మేకుకు గుచ్చింది.

"సూసినావా," అంది మొగుడితో. "నానున్నానంట."

ముగ్గుపిండి డబ్బా మూత తీసి, రేపటికి సరిపోతుందో లేదో చూసుకుంది.